ఫోనులో మిగిలిపోయిన విరాసత్

అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు అధ్యక్షులు మౌలానా ఖాలిద్ సైఫుల్లా రహ్మానీ గారికి కడప నుంచి ఒక బహిరంగ లేఖ

హజ్రత్,

నేను కడపలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తూ, చిన్న దుకాణాల జీఎస్టీ లెక్కలు రాస్తూ బతికే మనిషిని. మా చుట్టుపక్కల ఏ ఇంట్లో మౌత్ జరిగినా, చెహలుమ్ (నలభయ్యో రోజు) కాకముందే ఆ ఇంటి కాగితాలు నా బల్ల మీదికి వస్తాయి. డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, బ్యాంకు క్లెయిమ్ ఫారాలు, ఎల్ఐసీ బాండ్లు. వాటితో ఏం చేయాలో నాకు తెలుసు. ఈమధ్య వాటి వెంట ఒక ఫోను కూడా వస్తోంది. ఆ ఫోనులో ఉన్నదాంట్లో ఎవరికెంత, దాన్ని ఎవరు తెరవొచ్చు, ఏది ముందు తీర్చాలి అని అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆ కాగితం మీ బోర్డు నుంచి రావాలని అడగడానికే ఈ లేఖ.

మీకు విడిగా ఉత్తరం రాయకుండా పత్రికకు ఇవ్వడానికి కారణం ఉంది. ఇది మీరొక్కరు చదివితే తీరిపోయేది కాదు. పోయిన తమ్ముడి ఫోను బీరువాలో పెట్టుకున్న అన్నలు చదవాలి. ఏముందో తెలియకుండానే నా హక్కు మాఫ్ చేశానని చెప్పిన చెల్లెళ్లు చదవాలి. కొత్త సమస్య ఎదురైనప్పుడు పాత కితాబుల్లో దారి వెతకడం మీకు అలవాటైన పని. ‘జదీద్ ఫిఖ్‌హీ మసాయిల్’ రాసినవారు మీరు. మీ బోర్డు 1973లో పుట్టింది మన హైదరాబాదులోనే. అందుకే ఈ మాట తెలుగులో చెప్పుకునే చనువు తీసుకుంటున్నాను.

ఒక ఇంటి సంగతి చెబుతాను, పేర్లు రాయను. ఆ ఇంటాయన సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. బండి మీద వస్తుంటే లారీ గుద్ది పోయాడు. భార్య, ముసలి తల్లి, ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. భార్య ఇద్దత్‌లో, అంటే భర్త పోయాక ఇల్లు కదలకుండా ఉండే గడువులో, ఉంది కాబట్టి నేనే వాళ్లింటికి పోయాను. దస్తీలో చుట్టిపెట్టిన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. తెర ఒక మూల పగిలి ఉంది. రోజూ చార్జింగు పెడుతోందట. ఎందుకని అడిగితే, “ఆరిపోతే మళ్లీ తెరుచుకోదేమోనని భయం ఆపా” అంది. దాని లాకు పెద్దవాళ్లెవరికీ తెలియదు. చిన్న కూతురికి తెలుసు, ఆటలాడుకోవడానికి అబ్బా దగ్గర నేర్చుకుంది. వచ్చి చుక్కల మీద వేలితో గీత లాగి, ఫోను నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

మెసేజీలు ఒక్కొక్కటే చదువుతూ నోటుబుక్కు వెనకపేజీలో రాసుకుంటూ పోయాం. నెలకు వెయ్యి రూపాయల మ్యూచువల్ ఫండ్ సిప్. యాప్‌లో పదీ యాభై పెట్టి కొన్న డిజిటల్ బంగారం, మిల్లీగ్రాముల లెక్కన. ఒక క్రిప్టో ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన ఓటీపీలు. ఫోన్లు విప్పి బాగుచేయడం నేర్పే తెలుగు యూట్యూబ్ ఛానెల్, దాని మీద గూగుల్ నుంచి డాలర్ల లెక్కలో వచ్చే జమ. రెండు లోన్ యాప్‌ల వాయిదా హెచ్చరికలు. వీటన్నిటిలో ఆమెకు ముందే తెలిసింది ఛానెల్ ఒక్కటే. అదీ ఆ వీడియోల్లో ఆయన చేతులు కనిపిస్తాయి కాబట్టి.

మేం రాసుకుంటుండగానే ఆమె బావగారు వచ్చాడు. “ఆ ఫోను నాకియ్యండి, నేను చూసుకుంటా. ఆడోళ్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయి” అన్నాడు. చెడ్డమనిషి కాదు. కఫన్ దఫన్ ఖర్చంతా తన జేబులోంచే పెట్టాడు. కానీ చనిపోయినాయనకు కొడుకున్నాడు కాబట్టి ఫరాయిజ్, అంటే షరియత్ వారసత్వ వాటాల, లెక్కలో అన్నకు అసలు వాటాయే లేదు. వాటాలేని మనిషి చేతికి తాళం పోతే, వాటా ఉన్న ఐదుగురూ ఆయన దయ మీద బతకాలి.

ఇంకో సంగతి ఆ ఇంట్లో కూర్చున్నప్పుడే నాకు తట్టింది. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ 4 నెలల 10 రోజులు. వాడకం లేకుండా 90 రోజులు దాటిన ప్రీపెయిడ్ సిమ్‌ను ఆపేయడానికి ట్రాయ్ నిబంధనలు కంపెనీలకు వీలిస్తున్నాయి. బాలెన్సు 20 రూపాయలైనా ఉంటే ఇంకొన్నాళ్లు ఆగుతారు. అంటే ఆమె ఇద్దత్ ముగించి గడప దాటేసరికి, ఆయన నంబరు చచ్చిపోయి ఉండొచ్చు. కొన్నాళ్లకు అదే నంబరు ఇంకెవరికో అమ్ముడుపోతుంది. బ్యాంకుకూ ఫండుకూ ఎక్స్ఛేంజికీ ఆ నంబరే తలుపు. మౌత్ జరిగిన వారంలోనే ఆ సిమ్‌ను రీచార్జి చేయించి, ఒక వారసుడి పేరు మీదికి మార్పించాలని ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు. జనాజా నమాజు చదివించిన ఇమామ్ సాబుకు ఈ సంగతి తెలిసి ఉంటే ఆయనే చెప్పేవాడు. మన జనం అలాంటి సమయంలో వినేది ఆయన మాటే.

వాటాల గురించి నాకు మీతో పేచీ లేదు. సూరా నిసాలో 11, 12, 176 ఆయతులు చెప్పిన భాగాలు స్పష్టంగా ఉన్నాయి. ఆ ఇంటి లెక్కే వేద్దాం. కఫన్ దఫన్ ఖర్చు, అప్పులు, వసీయత్ (వీలునామా) పోను 9,60,000 రూపాయలు మిగిలాయనుకుంటే, పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు 1,20,000. తల్లికి ఆరో వంతు 1,60,000. మిగిలిన 6,80,000లో కొడుకుకు 3,40,000, కూతుళ్లకు తలా 1,70,000. ఐదో తరగతి పిల్లవాడు వేయగలిగిన లెక్క. పైన ఉన్న 9,60,000 అనే అంకె ఎక్కడి నుంచి వస్తుందన్నదే తేలడం లేదు. పొలం, ఇల్లు, దుకాణం కళ్లకు కనిపిస్తాయి. ఫోనులో ఉన్నది తాళం తెలిసినవాడికి మాత్రమే కనిపిస్తుంది. కొడుకు వాటాలో కూతురికి సగమేనా అని మనతో వాదించేవాళ్లున్నారు. నా బాధ ఆ సగం కూడా రావడం లేదని. వదిలివెళ్లింది కొద్దిదైనా ఎక్కువదైనా అందులో మగవాళ్లకూ ఆడవాళ్లకూ వాటా ఉందన్నది అదే సూరాలో 7వ ఆయత్ చెప్పిన సంగతి. మిల్లీగ్రాముల బంగారం కూడా ఆ కొద్దిలోకే వస్తుంది.

మౌత్ జరిగిన రాత్రే తండ్రి ఫోన్‌పే నుంచి తన ఖాతాకు డబ్బు లాగేసుకున్న కొడుకులను చూశాను. ఆసుపత్రి బిల్లు కట్టాలి కదా అంటారు. కట్టాల్సిందే. కానీ ఊపిరి ఆగిన క్షణం నుంచి ఆ డబ్బు తర్కా, అంటే వారసులందరిదీ. అందులో మైనరు పిల్లలుంటే అది యతీముల సొమ్ము. యతీముల సొమ్ము తినేవాళ్ల గురించి ఖురాన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పిన్ నంబరు తెలిసి ఉండటం హక్కు కాదు అన్న ఒక్క మాట జుమ్మా ఖుత్బాలో వినిపిస్తే, ఆ కొడుకుల్లో చాలామంది చేయి ఆపేస్తారు. వాళ్లు దొంగలు కారు, తెలియనివాళ్లు.

ఇక ఏది ఆస్తి, ఏది కాదు అన్న చోట మీ పండితుల మాట మాకు కావాలి. మనసు మొగ్గేది, అవసరానికి దాచుకోగలిగేది మాల్ అని ఇబ్న్ ఆబిదీన్ వంటి హనఫీ ఫుఖహా నిర్వచించారు. పాత హనఫీ గ్రంథాలు చేతికి దొరికే వస్తువునే మాల్ అన్నాయి. వస్తువు వల్ల కలిగే ప్రయోజనాన్ని కూడా మాల్ కింద లెక్కగట్టినవి మిగతా మూడు మజ్‌హబులు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తన 43వ తీర్మానంలో వాణిజ్య నామానికి, ట్రేడ్‌మార్కుకు, రచన మీది హక్కుకు, ఆవిష్కరణకు ధన విలువ ఉందనీ, ఆ హక్కులను కాపాడాలనీ తేల్చింది. అప్పటికి యూట్యూబ్ అన్న పేరే లేదు. అయినా ఆ తీర్మానం ఆసరాగా మా మెకానిక్ ఛానెల్‌కు దారి దొరుకుతుందని నాకనిపిస్తుంది. ఆ వీడియోలు ఆయన చేతిపని, ఆయన మాట, ఆయన రచన.

ఆ ఛానెల్ దగ్గరే నాకు తేలని ప్రశ్నలున్నాయి. ఆయన పోయేనాటికి గూగుల్ దగ్గర పోగైన డాలర్లు ఆయనకు రావలసిన బాకీ, కాబట్టి తర్కాయే. 100 డాలర్లు చేరితేగాని గూగుల్ జమ వేయదు. వేసినా అది చనిపోయినాయన బ్యాంకు ఖాతాకే పోతుంది, మరణం సంగతి తెలిశాక ఆ ఖాతాను బ్యాంకు ఆపేస్తుంది. పాత వీడియోలు జనం ఇంకా చూస్తూనే ఉంటారు. చెట్టు వారసులందరిదైనప్పుడు కాయలూ అందరివే కదా? మరి కొడుకు చదువు మానేసి అదే ఛానెల్‌లో కొత్త వీడియోలు పెడితే? వాడి శ్రమకు కూలీ ముందు తీసి, మిగిలింది పంచాలా? కొత్త వీడియోల రాబడి మొత్తం వాడిదేనా? అక్కచెల్లెళ్ల అనుమతి లేకుండా వాడు ఛానెల్ పేరు మార్చేయొచ్చా? తల్లి వాటా ఆరో వంతు యూట్యూబ్ లెక్కలో నెలనెలా ఎవరు చూపిస్తారు? ఇల్లు పంచుకున్నట్టు గోడ కట్టుకోవడం కుదరని ఆస్తి ఇది. ఒకరు విలువ కట్టి మిగతావాళ్లకు ఇచ్చి తీసుకోవాలా, లేక షిర్కత్‌గా, అంటే భాగస్వామ్యంగా, నడుపుకోవాలా అన్నది మీరు చెప్పాలి. ఇందులో ఏ దారి చెప్పినా మేలే, ఏదో ఒకటి రాతలో ఉంటే.

డబ్బిచ్చి డౌన్‌లోడు చేసుకున్న పుస్తకాలు, సినిమాలు, నెలవారీ చందాలు తేలిక. అవి కొన్న వస్తువులు కావు, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతులు. ఇజారా, అంటే అద్దె ఒప్పందం, చేసుకున్నవాడు పోతే ఇజారా ముగుస్తుందన్న హనఫీ నియమం వాటికి సరిగ్గా సరిపోతుంది.

క్రిప్టో సంగతి అలా కాదు. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ బిట్‌కాయిన్ వ్యాపారం కూడదన్నారు. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో దాన్ని కరెన్సీగా వాడటం హరామ్ అంది. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరియా సలహా మండలి 2020లో షరతులతో అనుమతించింది. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి దాని లాభం మీద 30 శాతం పన్ను కడుతున్నాం. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు అది చేతితో పట్టుకునే వస్తువు కాదు, కరెన్సీ కాదు, అయినా ఆస్తేనని, అమానతుగా ఉంచదగినదేనని చెప్పింది. ఇన్ని మాటల మధ్య మా ఊళ్లో జరిగేది చెబుతాను. “అది హరామ్ సొమ్ము, దాన్ని పంచకూడదు” అని తాళం ఉన్నవాడే అంటాడు. పంచకూడదంటాడు గానీ తానూ తీసుకోకూడదని అనడు. హలాలా హరామా అన్నది ముఫ్తీలు తేల్చుకునేలోగా, అది వారసులందరి ముందూ లెక్కలో కనిపించాలని, ఏ ఒక్కరూ దాచుకోకూడదని బోర్డు చెప్పగలదు. హరామ్ అని తేలినా దాన్ని ఏం చేయాలో వారసులందరూ కలిసి నిర్ణయించుకుంటారు. కనీసం ఆయన అందులో పెట్టిన అసలు ఎంతో ఆ భార్యకు తెలియాలి.

క్రిప్టో విషయంలో ఆలస్యానికి మందు లేదు. బ్యాంకులో ఎవరూ అడగని డిపాజిటు 10 ఏళ్లు దాటితే రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, అయినా వారసులు ఎప్పుడొచ్చినా తిరిగిస్తారు. 2023 నుంచి ఉద్గమ్ పోర్టల్‌లో వెతుక్కోవచ్చు కూడా. సొంత వాలెట్లో పెట్టిన బిట్‌కాయిన్‌కు అలాంటి దారి లేదు. 12 పదాలో 24 పదాలో ఉండే ఆ తాళపు మాట ఎవరికీ తెలియకపోతే అది ఉండీ లేనట్టే, ఎప్పటికీ. ఎక్స్ఛేంజిలో ఉన్నదైతే వారసత్వ కాగితాలు అడుగుతారు. మన సక్సెషన్ సర్టిఫికెట్ 1925 నాటి చట్టంలోది, అప్పులకూ సెక్యూరిటీలకూ ఇచ్చేది. బిట్‌కాయిన్ ఈ రెంటిలో ఏదని ఏ గుమస్తా రాస్తాడు?

అందరికంటే ఎక్కువ గందరగోళం నామినీ చేస్తోంది హజ్రత్. నామినీ డబ్బు అందుకునే చేయి మాత్రమే, వారసత్వం చట్టప్రకారం పోతుందని సుప్రీంకోర్టు 1983 డిసెంబరులో సర్బతీ దేవి కేసులో చెప్పింది. షేర్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో మళ్లీ చెప్పింది. మధ్యలో 2015లో బీమా చట్టం సవరించి, భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లదేనన్నారు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను, ఒక్కొక్కరికి ఇంత శాతం అని రాసిపెట్టే వీలొచ్చింది. ఆ శాతాల గడి చూడగానే మనవాళ్లు విరాసత్ పంచేశామనుకుంటున్నారు. ఒకాయన నా ముందే కూర్చుని భార్యకు పన్నెండున్నర శాతం, తల్లికి ఇంత, పిల్లలకింత అని ఫరాయిజ్ ప్రకారమే నింపాడు. ఎంత నియ్యత్‌తో నింపాడో ఆయన ముఖంలో కనిపించింది. కానీ ఎవరి వాటా ఎంతన్నది ఆయన పోయేనాటికి ఎవరు బతికున్నారన్న దాన్నిబట్టి తేలుతుంది. తల్లి ముందు పోవచ్చు, ఇంకో బిడ్డ పుట్టొచ్చు. ఈరోజు రాసిన శాతం ఆరోజు ఫరాయిజ్ కాదు. పైగా గూగుల్‌లో ఒక నమ్మకస్తుడి పేరు, ఐఫోనులో లెగసీ కాంటాక్ట్ అని ఒకరి పేరు, 2023 నాటి డేటా రక్షణ చట్టం 14వ సెక్షన్ అమల్లోకి వచ్చాక దాని కింద ఇంకొకరి పేరు. ఒకే మనిషి ఆస్తికి ఐదు చోట్ల ఐదుగురు నామినీలు. వీళ్లంతా అమీన్లేనని, అంటే నమ్మి అప్పగించినది కాపాడేవాళ్లేనని, యజమానులు కారని, చట్టం ఎవరి చేతిలో పెట్టినా షరియత్ ప్రకారం వారసులకు చేర్చాల్సిందేనని మీ నోట రావాలి. బీమా సొమ్ము సంగతి కూడా, చట్టం ఒకటి చెబుతుంటే అల్లాహ్ దగ్గర బాధ్యత ఏమిటో విడమరచి చెప్పాలి.

నమ్మి తాళం ఒకరికి చెప్పిపోతే కూడా గొడవే. పెద్దకొడుకుకు తండ్రి వాలెట్ తాళం చెబుతాడు. తండ్రి పోయాక, అది నాకు హిబా, అంటే కానుక, చేసిపోయాడని కొడుకు అంటాడు. మన చట్టంలో హిబాకు ఇచ్చానన్న మాట, తీసుకున్నానన్న మాట, స్వాధీనం మూడూ కావాలి. తాళం చెప్పడం స్వాధీనం చేయడమా, భద్రం చేయమని అప్పగించడమా? ఆసుపత్రి మంచం మీద, మర్జుల్ మౌత్‌లో, అంటే ప్రాణం తీసిన జబ్బులో, చెప్పి ఉంటే, అది వసీయత్ లెక్కలోకి వచ్చి, వారసుడికి కాబట్టి మిగతావాళ్ల ఒప్పుదల లేనిదే చెల్లదు. ఈ సంగతి పదిమందిలో ఒకరికైనా తెలుసో లేదో.

అప్పుల మాట కూడా అంతే. లోన్ యాప్‌ల వాళ్లు ఆ మెకానిక్ భార్యకు ఫోను చేసి నువ్వే కట్టాలని బెదిరించారు. తర్కాలో ఉన్నంతవరకే అప్పు తీరుతుంది, వారసులు తమ కష్టార్జితంలోంచి కట్టాల్సిన పనిలేదు. మన షరియత్‌లోనూ, ఈ దేశపు కోర్టుల్లోనూ అంతే. ఆమె అది వినేదాకా గాజులు అమ్మడానికి సిద్ధపడింది. మరోవైపు ఆమెకు రావలసిన మహర్ కూడా అప్పేనని, పంపకాలకు ముందే తీర్చాల్సిందని ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నిఖానామా తీసి చూపిస్తే బావగారు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

గల్ఫ్ ఇళ్లది మరీ కష్టం. రాయచోటి నుంచి, కడప నుంచి కువైట్ పోయినవాళ్లు ఎందరో మీకు తెలుసు. అక్కడ ప్రాణం పోతే పెట్టెతోపాటు సూట్‌కేసు వస్తుంది, అందులో అక్కడి గుర్తింపుకార్డుతో ముడిపడిన సిమ్ ఉన్న ఫోను. ఇక్కడ ఆ నంబరుకు ఓటీపీ రాకపోవచ్చు.

ఆస్తి కానివి కూడా ఫోనులో ఉంటాయి. ఫోటోలు, మాటలు, ఎవరితోనో చెప్పుకున్న కష్టాలు. చనిపోయిన మనిషి లోపాలను కప్పిపెట్టమన్న దీన్ మనది, ఒకరి గుట్టు వెతకొద్దని సూరా హుజురాత్ ఆజ్ఞాపించింది. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2018లో చనిపోయిన ఒక అమ్మాయి ఫేస్‌బుక్ ఖాతా మొత్తం తల్లిదండ్రులకు వారసత్వంగా చెందుతుందని తీర్పిచ్చింది, ఉత్తరాలు చెందినట్టే. ఆ తల్లిదండ్రుల వేదన నాకర్థమవుతుంది. అయినా మన దగ్గర డబ్బుకు సంబంధించినది వారసులకూ, మనసుకు సంబంధించినది మనిషి కోరినట్టూ పోవాలని నా ఆశ. చెరిపేయమని రాసిపోతే చెరిపేయాలి. దీనికి మీ పండితులు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

ఇప్పుడు నేను అడిగేది. 2005లో భోపాల్ సమావేశంలో మీ బోర్డు ఒక నమూనా నిఖానామా తెచ్చింది. దాని మీద విమర్శలు వచ్చాయి, అయినా పెళ్లినాడు రాతలో ఏముండాలన్న మాట ఇంటింటా నడిచింది. అదే తీరున ఒక నమూనా వసీయత్‌నామా తెండి, డిజిటల్ ఆస్తులతో సహా. దారుల్ ఖజా (షరియత్ పంచాయతీ) నిర్ణయాలకు, ఫత్వాలకు చట్టపరమైన బలం లేదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. వసీయత్ అలా కాదు, మూడో వంతు హద్దులో ఈ దేశంలో ఏ సివిల్ కోర్టయినా గౌరవిస్తుంది. ముస్లిం రాసే వసీయత్‌కు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు ఉంటే నిలుస్తుంది.

అందులో పాస్‌వర్డులు రాయించకండి, ఆ కాగితం పదిమంది చేతులు మారుతుంది. ఎక్కడెక్కడ ఏముందో రాయించండి: ఏ ఫండు, ఏ ఎక్స్ఛేంజి, ఏ ఛానెల్, ఏ ఈమెయిలు, ఎవరికి బాకీ, ఎవరి దగ్గర రావాలి, భార్యకు మహర్ ఎంత మిగిలింది. తాళాలు విడిగా సీలువేసిన కవరులో ఎవరి దగ్గరున్నాయో, వాళ్లు అమీన్ మాత్రమేనని ఒక వాక్యం. అన్ని చోట్లా నామినీలు అమీన్లేనని ఇంకో వాక్యం. తండ్రి పోయి, బాబాయిలు ఉండటంతో తాత విరాసత్‌లో వాటా దక్కని మనవలకు మూడో వంతులోంచి ఏమైనా ఇవ్వదలిస్తే దానికో ఖాళీ. అన్నిటికంటే పైన, వసీ పేరు. బ్యాంకు ముందు, ఎక్స్ఛేంజి ముందు నిలబడి అడగడానికి హక్కున్న మనిషి ఆ వసీయే.

ఆ వసీ భార్య కావచ్చని, కూతురు కావచ్చని నమూనాలోనే అచ్చువేయండి. హజ్రత్ ఉమర్ ఖైబర్‌లోని తన వక్ఫ్ భూమి బాధ్యతను తన తర్వాత కూతురు హఫ్సాకు అప్పగించారు. ఆమె దగ్గరే ఖురాన్ తొలి లిఖిత సంపుటం కూడా భద్రంగా ఉంది. ఉమ్మత్‌కు అంతకంటే విలువైనది ఇంకేముంది? దాన్ని ఒక స్త్రీ చేతిలో పెట్టినవాళ్ల వారసులం మనం, ఆరంకెల పిన్ ఇంటి ఆడమనిషికి చెప్పడానికి వెనకాడుతున్నాం.

ఈ జాబితా రాయడం కొత్త భారం కూడా కాదు. ఏటా రంజాన్‌లో జకాత్ తీయడానికి మనం ఆస్తి మొత్తం లెక్కేసుకుంటాం. బంగారం ఎంత, బ్యాంకులో ఎంత, సరుకు ఎంత, అప్పులెంత. ఆ లెక్క కాగితానికి కింద ఫండు, ఎక్స్ఛేంజి, ఛానెల్ అని మూడు వరుసలు కలిపి, భార్య ముందు చదివి, బీరువాలో పెడితే చాలు. ఏటా అదే సమయానికి సరిదిద్దుకుంటారు. వసీయత్ చేయాల్సినది ఉన్నవాడు రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపకూడదన్న హదీసు ప్రతి ఇమామ్‌కూ నోటికొచ్చు. దాన్ని రంజాన్ చివరి జుమ్మాకు ముందు జుమ్మాలో ఫోను పేరెత్తి చెప్పమనండి.

ఇంకొక్కటి. మీ ప్రచురణలు ఎక్కువగా ఉర్దూలో వస్తాయి. రాయలసీమలో, కోస్తాలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు కూడా ఆ లిపి చదవడం రాదు. ఇంట్లో మాట్లాడేదే తెలుగైన దూదేకుల కుటుంబాల సంగతి చెప్పనే అక్కర్లేదు. వసీయత్ రాసేవాడికి తాను సంతకం పెట్టేది ఏమిటో చదివితే అర్థం కావాలి, రేపు తహసీల్దారుకూ బ్యాంకు మేనేజరుకూ కూడా అర్థం కావాలి. నమూనా ఉర్దూలో వచ్చిన రోజే తెలుగులోనూ రావాలి. ఆ పనికి మనిషి కావాలంటే నేనున్నాను. పన్నులూ బ్యాంకు ఫారాల భాషా నేను చూసుకుంటాను, ఫిఖ్ మాటలు మీరు పంపే ఆలిమ్ సరిచూస్తారు. మీ తరవాతి మజ్లిసె ఆమిలా (కార్యవర్గం) ఎజెండాలో ఈ అంశం పెట్టారన్న కబురు అందితే, మా మహల్లా ఇమామ్ సాబులను కూర్చోబెట్టి ముసాయిదా మొదలుపెడతాను.

వస్సలాం,
మీ సోదరి,
కడప